గోడ కూలిన సాయంత్రం

1745 అక్టోబరులో పుదుచ్చేరి జెసూట్ చర్చిలో ఒక గోడ కూలింది. అంతవరకు దానికి ఒకవైపు పరయ క్రైస్తవులు, మరోవైపు అగ్రకుల క్రైస్తవులు, యూరోపియన్లు, మిశ్రమ సంతతివారు నిలిచి ఒకే పూజలో పాల్గొనేవారు. ఈ వృత్తాంతం ఆనందరంగ పిళ్లై దినచర్య వల్ల మనకు దక్కింది. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ను అంకితం పొందిన పిళ్లై తెలుగు సాహిత్యానికి పరాయివాడు కాడు. క్రైస్తవుడు మాత్రం కాడు. పైగా నాటి ప్రధాన దుబాసీ, క్రైస్తవుడైన కనకరాయ మొదలి ఆయనకు పోటీదారు. చర్చి తగవును రాసేటప్పుడు ఆ కలం కొంత వినోదించిందేమోనని నాకు అనుమానం.

ఆయన కథనం ప్రకారం, కారైకాల్ నుంచి వచ్చిన ఒక ఫాదరీ ఆ గోడను చూసి పరయలను అడగమన్నాడు. వారు పెద్ద ఫాదరీ వద్దకు వెళ్లి, తామూ ఆయన శిష్యులమే అయితే దేవుడు చేయని భేదాన్ని అగ్రకులాల మాట విని ఆయన ఎందుకు చేశారని నిలదీశారు. ఆయన వద్ద జవాబు లేదు. గోడను పడగొట్టించాడు. ఆ సాయంత్రం అందరూ కలిసి ప్రార్థించారు.

అగ్రకుల క్రైస్తవుల ఆగ్రహానికి వెంటనే ఒక సాకు దొరికింది. ఆ పూజకు నగలు, పలుచని వస్త్రాలు ధరించి వచ్చిన ఒక పెద్దింటి మహిళను ఫాదరీ అందరిముందూ మందలించాడు. అది నిజంగా అవమానమే. కులపెద్దలు గుమిగూడి, ఇక చర్చికి రాబోమన్నారు. తగవు గవర్నరు దాకా వెళ్లగా, నలుగురికి మించి క్రైస్తవులు ఒకచోట చేరి మాట్లాడుకుంటే పట్టుకోవాలని ఆజ్ఞ వెలువడింది. 

ఆ గోడకు వెనుక నలభై ఏళ్ల వివాదం ఉంది. పోప్ ప్రతినిధి టూర్నాన్ 1703లో పుదుచ్చేరిలోనే దిగాడు. రోగగ్రస్తులైన పరయల ఇళ్లలోకి వెళ్లి సంస్కారాలు ఇవ్వాలని 1704లో మిషనరీలను ఆదేశించాడు. ఆదేశం అమలు కాలేదు. 1739లో పోప్ 12వ క్లెమెంట్ మిషనరీలందరూ దానికి కట్టుబడతామని ప్రమాణం చేయాలన్నాడు. 1744లో 14వ బెనెడిక్ట్ అదే ఆజ్ఞను ఖరారు చేస్తూ, పరయలకు వేరే మిషనరీలను నియమిస్తామన్న జెసూట్ల ప్రతిపాదనను ఆమోదించాడు. అంటే వివక్షను కట్టడి చేయవలసిన శాసనమే రెండు రకాల గురువులను అంగీకరించింది. ఆ ప్రమాణం 1940 వరకు కొనసాగింది. రెండు శతాబ్దాలు ప్రమాణం చేసింది గురువులే. కులాన్ని కాపాడిన సంఘపెద్దల చేత ఎవరూ ఏ ప్రమాణమూ చేయించలేదు.

ఈ తేడా వల్లనే అమెరికా ఎపిస్కోపల్ చర్చి 2000లో చేసిన తీర్మానం నన్ను ఆకర్షించింది. జాతివివక్ష వ్యతిరేక శిక్షణ గురువులతోపాటు సంఘ నాయకులకూ తప్పనిసరి అన్నది అది. శిక్షణతో మనుషులు మారతారా అన్న సందేహం నాకూ ఉంది. అయినా ఎవరిని కూర్చోబెట్టాలో అక్కడ గుర్తించారు. ఇక్కడ 2003 నవంబరులో పోప్ రెండో జాన్ పాల్, పుదుచ్చేరి–కడలూరు ప్రావిన్సుతో సహా తమిళనాడు ప్రాంత బిషప్పులను ఉద్దేశించి మాట్లాడుతూ కులభావాన్ని ఖండించాడు. 2016 డిసెంబరులో భారత కథోలిక బిషప్పుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని ప్రకటించి, చర్చిలో వివక్ష ఉన్నదని ఒప్పుకుంది. రెండు సందర్భాల్లోనూ మాట్లాడింది పైవారే.

ఆ రెండింటి మధ్యలో ఇదే అగ్రపీఠంలోని ఎరైయూరు ఉంది. అక్కడి దళిత క్రైస్తవుల శవయాత్రలకు ప్రధాన వీధిలో దారి ఉండేది కాదు. వారు సొంతంగా కట్టుకున్న సహాయమాత గుడిని ప్రత్యేక విచారణగా గుర్తించమని కోరారు. 2008 మార్చి 9న ఘర్షణ చెలరేగి, పోలీసు కాల్పుల్లో ఇద్దరు వన్నియ క్రైస్తవులు మరణించారు. 1745లో గోడ తీయమని వేడుకున్నవారి వారసులు, 2008లో తమకు వేరే గుడి ఇమ్మని అడిగారు.