బరంపురం తెలుగువాళ్ల రెండో అక్షరాభ్యాసం

వలస అంటే మనిషి ఊరు మారడం అనుకుంటాం. మన పెద్దలు ఇల్లు కదలకుండానే వలసవాళ్లయ్యారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లా చాలావరకు అందులో కలిసింది. 1954లో ఒడియాను అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. అమలు నెమ్మదిగానే సాగింది కానీ, కచేరీ కాగితం మీద లిపి మారుతూ వచ్చింది. తెలుగులో ముత్యాల్లాంటి దస్తూరీ ఉన్న పెద్దాయన కూడా తన పొలం పట్టా ఇంకొకరిచేత చదివించుకోవాల్సిన రోజులొచ్చాయి.

అంతకుముందు ఇదే బాధ ఒడియావాళ్లు పడ్డారు. మద్రాసు పాలనలో ఇక్కడి కచేరీల్లో తెలుగువాళ్లదే పైచేయి. 1903లో కటక్‌లో మొదలైన ఉత్కళ సమ్మిళని వెనుక ఆ కడుపుమంట కూడా ఉంది. మన సభల్లో ఈ మాట ఎవరూ ఎత్తరు, ఎత్తాలి.

పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే గిడుగు రామమూర్తి పంతులుగారు 72 ఏళ్ల వయసులో రాజమండ్రి వెళ్లిపోయారు. బరంపురం నేతగాడికీ, గోపాల్‌పూర్ జాలరికీ ఆ వీలు లేదు. ఉన్నచోటే బతకాలి, ఒడియా చదవడం నేర్చుకోవాలి. దారి మాత్రం పంతులుగారే చూపించారు. పెద్దయ్యాక సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో బడులు పెట్టి, సవరలకు వాళ్ల మాటల్లోనే వాచకాలు రాశారాయన. నోటికి తెలిసిన మాటతోనే చదువు మొదలవ్వాలన్నది ఆయన పట్టు.

బజారులో మనవాళ్లు ఒడియా గలగలా మాట్లాడతారు. కొరత అక్షరానిదే. తెలుగు చదవడం వచ్చినవాళ్లకు సగం పని అయిపోయినట్టే, వర్ణమాల వరస ఒకటే గనుక. ఇబ్బందల్లా పోలికలతోనే. ఉత్త సున్నాలా కనిపించేది ఒడియాలో ‘ఠ’. ఒడియా నాలుగు అంకె అచ్చం మనం రోజూ రాసే 8లా ఉంటుంది. పాత పట్టాలో 4ను 8గా చదివితే పొలమే మారిపోతుంది! ఏ భాషలోనూ అక్షరం రానివాళ్ల సంగతి వేరు. వాళ్లకు అఆల పుస్తకం ఇస్తే చిన్నపిల్లల్ని చేశారని నొచ్చుకుంటారు. సొంత పేరుతో మొదలుపెట్టాలి.

ఒకప్పుడు గోపాల్‌పూర్ నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లినవాళ్లకూ, ఇవాళ సూరత్ మరమగ్గాలకు వెళ్తున్న మన జిల్లా కుర్రాళ్లకూ ఎదురైంది ఈ చిక్కే. అక్కడ గుజరాతీ, అంతే తేడా.

సంఘం గదిలో వారానికి రెండు సాయంత్రాలు చాలు. వచ్చే పెద్దవాళ్లను పలకా బలపం తెమ్మనొద్దు, ఇంట్లో ఉన్న పాత పట్టా తెమ్మందాం. మొదటి రోజు అందులో నాలుగు ఎక్కడుందో వెతుకుదాం.