ఆర్ట్ ఆఫ్ దిస్ సెంచరీ గ్యాలరీ

ఆర్ట్ ఆఫ్ దిస్ సెంచరీ న్యూయార్క్‌లో 1942 నుంచి 1947 వరకు నడిచిన చిత్రశాల. కళాఖండాల సేకర్త పెగ్గీ గుగ్గెన్‌హైమ్ దీన్ని మాన్‌హటన్‌లోని 57వ వీధిలో, ఒక భవనం పై అంతస్తులో ప్రారంభించింది. లోపలి అలంకరణను, ఫర్నిచర్‌ను వాస్తుశిల్పి ఫ్రెడరిక్ కీస్లర్ (1890–1965) రూపొందించాడు.

అలంకరణ: సర్రియలిస్టు చిత్రాల గదిలో కీస్లర్ వంపు తిరిగిన చెక్క గోడలు కట్టి, వాటి నుంచి ముందుకు పొడుచుకొచ్చే కర్రలకు చట్రాలు లేని చిత్రాలను అమర్చాడు. చూసేవారు వాటి వాలును మార్చుకోగలిగేవారు. నైరూప్య చిత్రాల గదిలో నీలిరంగు కాన్వాసు తెరలే గోడలుగా ఉండేవి. చిత్రాలు తాళ్ల ఆధారంతో గాలిలో నిలిచేవి. మరోచోట చక్రం తిప్పుతూ, చిన్న రంధ్రంలోంచి కళాకారుడు మార్సెల్ డ్యూషాంప్ కృతులను చూసే ఏర్పాటు ఉండేది.

ఫర్నిచర్: చెక్క, లినోలియంతో చేసిన వంపుల కుర్చీని నిలబెట్టే తీరును బట్టి ఆసనంగా, బల్లగా, శిల్పపీఠంగా వాడుకోవచ్చు. దానికి 18 ఉపయోగాలున్నాయని కీస్లర్ చెప్పాడు. ఇరుకు చోటులో ఒకే వస్తువు అనేక పనులకు అక్కరకు రావడం ఈ రూపకల్పనలోని గొప్పతనం.

ప్రాముఖ్యం: చిత్రకారుడు జాక్సన్ పొలాక్ తొలి ఏకవ్యక్తి ప్రదర్శన 1943లో ఇక్కడే జరిగింది. చిత్రానికీ చూపరికీ మధ్య దూరాన్ని తగ్గించిన ఈ చిత్రశాల, ప్రదర్శనశాలల రూపకల్పన చరిత్రలో ఒక మైలురాయి.