కొండ దిగుడు (సైకిల్ పందేలు)

టూర్ ద ఫ్రాన్స్, జిరో ద ఇటాలియా వంటి రోజుల తరబడి సాగే సైకిల్ పందేల్లో, కనుమ ఎక్కిన రైడర్లు అవతలి వైపు పల్లంలోకి దూసుకుపోయే భాగమే కొండ దిగుడు. పేరు ప్రతిష్ఠలన్నీ ఎక్కేవాళ్లకే దక్కుతాయి. కానీ గెలవాల్సిన పందెం చేజారడం, ఓడినట్టే అనుకున్న పందెం చేతికి రావడం దిగుడులో చాలాసార్లు జరిగింది. దీన్ని తెగువ ఉన్నవాడి ఆటగా చూడడం పొరపాటు. ఇది సాధనతో వచ్చే విద్య.

  తిరుమల కొండ దిగే మొదటి ఘాట్ రోడ్డు మీద ప్రయాణించినవారికి హెయిర్‌పిన్ మలుపు (రోడ్డు దాదాపు వెనక్కి తిరిగే మెలిక) అంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు. సైకిల్ టైరు నేలను తాకేది బొటనవేలంత మేరే. మలుపులో సైకిల్ జారకుండా ఆపేది ఆ కాస్త పట్టే. 12 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో ఘర్షణ గుణకం (టైరుకూ రోడ్డుకూ మధ్య పట్టును తెలిపే సంఖ్య) 0.6 అనుకుంటే, లెక్క ప్రకారం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు. వాన పడి అది 0.35కు తగ్గితే హద్దు 23 దగ్గరే ఆగిపోతుంది. తిన్నటి దారిలో వేగం 80, 90 దాకా పోతుంది కాబట్టి అసలు పనంతా మలుపుకు ముందే, సైకిల్ నిటారుగా ఉండగానే బ్రేకు వేసి ముగించాలి. వంగిన సైకిల్ మీద గట్టిగా బ్రేకు నొక్కితే పట్టు తప్పుతుంది.

నేర్పున్న రైడర్ హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని, చూపుడు వేళ్లు బ్రేకుల మీద ఉంచుతాడు. మలుపు బయటి వైపు కాలిని పూర్తిగా కిందికి చాపి, ఒంటి బరువును ఆ పెడల్ మీద మోపుతాడు. రోడ్డు బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మలుపు నడుమ లోపలి అంచును ఒరుసుకుంటూ వెళ్లి, మళ్లీ బయటి అంచుకు తేలతాడు. కళ్లు ముందు చక్రం మీద ఉండవు, మలుపు విప్పుకునే చోట ఉంటాయి. ఇలా గంటకు రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువ వేగంతో బయటపడితే, ఆ తర్వాతి తిన్నటి దారంతా ఆ లాభం వెంట వస్తుంది.

గుంపులో ఎన్నో స్థానంలో ఉన్నామన్నదీ ముఖ్యమే. ముందున్నవాడు తనకు నచ్చిన దారి ఎంచుకుంటాడు. వెనకవాళ్లు ఇంకా బ్రేకు మీదే ఉండగా అతను మలుపు దాటి వేగం పెంచేస్తాడు. ప్రతి మలుపు తర్వాతా తోకలో ఉన్నవాళ్లు ఆ ఎడం పూడ్చడానికి శక్తి ఖర్చు చేయాలి. అందుకే అదను తెలిసిన జట్టు శిఖరానికి కాస్త ముందే తన నాయకుణ్ణి ముందుకు తెస్తుంది.

2016 జులై 9న టూర్ ఎనిమిదో స్టేజిలో (ఒక రోజు పందెంలో) రైడర్ క్రిస్ ఫ్రూమ్ శిఖరం దగ్గర ఇలాగే ముందుండి లాభపడ్డాడు. పెయ్‌రెసూర్ద్ కనుమ దాటుతుండగా, ప్రత్యర్థులు ఊపిరి పీల్చుకునే సమయంలో దూకాడు. సీటు దిగి, సైకిల్ పైగొట్టం మీద కూర్చుని, గాలికి ఒళ్లు దాచుకుంటూ పెడల్ తొక్కుతూ బాన్యేర్ ద లుషోన్ చేరాడు. 13 సెకన్ల తేడాతో స్టేజి గెలిచాడు, మొత్తం సమయంలో ముందున్నవాడికి ఇచ్చే పసుపు జెర్సీ కూడా తొడిగాడు. ఆ టూర్‌లో అతని చివరి ఆధిక్యం 4 నిమిషాలు దాటింది కాబట్టి ఈ 13 సెకన్లే టూర్‌ను గెలిపించాయనడం అతి. కానీ ఆ స్టేజిని గెలిపించింది దిగుడే.

అదే ఏడాది మే 27న జిరోలో కథ ఇంకా పెద్దది. 2,744 మీటర్ల ఎత్తున్న అన్యెల్లో కనుమ దిగుతూ, జిరోలో ముందున్నవాడు తొడిగే గులాబీ జెర్సీలో ఉన్న స్టీవెన్ క్రౌస్‌వైక్ మలుపు తప్పి మంచుగోడను ఢీకొన్నాడు. అప్పటికి అతని ఆధిక్యం 3 నిమిషాలు. దిగుడులో వేగం పెంచి అతన్ని ఒత్తిడిలోకి నెట్టిన విన్సెంజో నిబాలి స్టేజి గెలిచాడు, చివరికి 52 సెకన్ల తేడాతో జిరో కూడా గెలిచాడు. క్రౌస్‌వైక్ నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

2011 టూర్‌లో గాప్ పట్టణానికి చేరే తడి దిగుడుతో ముగిసిన స్టేజిలో ఆండీ ష్లెక్, కాడెల్ ఇవాన్స్ కన్నా 1 నిమిషం 9 సెకన్లు వెనకబడ్డాడు. పారిస్‌లో టూర్ ముగిసేసరికి ఇద్దరి మధ్య తేడా 1 నిమిషం 34 సెకన్లు. గ్రెనోబుల్ టైమ్ ట్రయల్‌లో (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే స్టేజిలో) ఇవాన్స్ అంతకన్నా ఎక్కువ సమయమే గెలుచుకున్నాడు, నిజమే. అయినా కొండ ఎక్కడంలో మేటి అయిన ష్లెక్ పల్లంలో ఇచ్చుకున్న సమయం చిన్నది కాదు.

దిగుడు ప్రతిసారీ ఫలించదు. కనుమ దిగాక ఇరవై, ముప్పై కిలోమీటర్ల చదును దారి ఉంటే, ఒంటరి రైడర్ గాలికి ఎదురొడ్డి అలసిపోతాడు. వంతులవారీగా లాగే గుంపు అతన్ని పట్టేస్తుంది. గమ్యం కొండ అడుగునే ఉన్నప్పుడు మాత్రం సంపాదించిన సెకన్లు మిగులుతాయి.

ప్రమాదం కూడా అంతే నిజం. 1995 టూర్‌లో ఫాబియో కసార్తెల్లి, 2011 జిరోలో వౌటర్ వేలాండ్ట్, 2023 టూర్ ద స్విస్‌లో గినో మేడర్ దిగుళ్లలోనే పడి ప్రాణాలు కోల్పోయారు. 2003 నుంచి వృత్తి పందేల్లో హెల్మెట్ తప్పనిసరి అయింది. ఫ్రూమ్ వాడిన ఆ పైగొట్టపు భంగిమను అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2021 ఏప్రిల్ 1 నుంచి నిషేధించింది.