పని చూపించే ఆఫీసు, "పని వెతికావా?" అని అడిగే ఆఫీసు

"నిరుద్యోగి" అనే మాట నేర్చుకున్నాక దాని వెనక ఉన్న చరిత్ర చదవాలనిపించింది. ఇంట్లో అడిగితే నాన్న, "మా రోజుల్లో డిగ్రీ అవగానే ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌ఛేంజీలో పేరు రాయించుకునేవాళ్లం" అన్నారు. నేను పుట్టి పెరిగిన బ్రిటన్‌లో ఇప్పుడు ఆ పేరు వినిపించదు, జాబ్‌సెంటర్ అంటారు. కానీ ఆ పేరు ఇండియాకి వెళ్లింది ఇక్కడి నుంచే. 1945లో, ఇంకా బ్రిటిష్ పాలనలోనే, యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకు పని చూపించడానికి అక్కడ ఎక్స్‌ఛేంజీలు పెట్టారు.

ఇక్కడ మొదటి పేరు లేబర్ ఎక్స్‌ఛేంజి. అంతకుముందు లండన్ రేవుల్లో కూలీలు రోజూ పొద్దున్నే గేటు దగ్గర గుంపుగా నిలబడేవారు. మేస్త్రీ కొందరిని పిలిచేవాడు, మిగతావాళ్లు ఖాళీ చేతులతో ఇంటికి. (హైదరాబాద్‌లో లేబర్ అడ్డా చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.) విలియం బెవరిడ్జ్ అనే యువకుడు జర్మనీ వెళ్లి, అక్కడి ఉపాధి ఆఫీసులు చూసి వచ్చాడు. 1909లో చట్టం వచ్చింది. అప్పటి మంత్రి విన్‌స్టన్ చర్చిల్. 1910 ఫిబ్రవరి 1న మొదటి ఆఫీసులు తెరిచారు.

ఆ చట్టంలో నాకు బాగా నచ్చినవి రెండు చిన్న సంగతులు. వేరే ఊళ్లో పని దొరికితే దారి ఖర్చుకు అప్పు ఇవ్వవచ్చు. ఆ ప్రాంతంలో మామూలుగా ఇచ్చే కూలి కంటే తక్కువ ఇస్తామంటే, లేదా అక్కడ సమ్మె జరుగుతుంటే, మనిషి "నాకొద్దు" అనవచ్చు. అన్నందుకు అతనికి ఏ నష్టమూ ఉండకూడదు.

1911లో నిరుద్యోగ బీమా చట్టం వచ్చింది. ఓడలు కట్టేవాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు వంటి కొన్ని వృత్తులకే అది. వారానికి 7 షిల్లింగులు, ఏడాదికి 15 వారాలు మించకుండా. మంచి పనే. కానీ ఆ డబ్బు ఇచ్చే బాధ్యత కూడా ఎక్స్‌ఛేంజీకే అప్పజెప్పారు. నా ఉద్దేశంలో అసలు మలుపు ఇదే. పని చూపించే గుమాస్తా ఇప్పుడు డబ్బుకు కాపలా కూడా కాయాలి!

1921 నుంచి కొత్త షరతు: నిజంగా పని వెతుకుతున్నానని మనిషే రుజువు చేసుకోవాలి. పని లేదని అందరికీ తెలిసిన ఊళ్లలో కూడా జనం గేటు గేటుకూ తిరిగారు, తిరిగామని చెప్పుకోవడానికి. 1930లో ఆ షరతు తీసేశారు.

1970లలో ప్రభుత్వం రెండు పనులనూ విడదీసింది. భృతి ఒక ఆఫీసులో, ఉద్యోగాలు ఇంకో చోట, జాబ్‌సెంటర్‌లో. గోడల మీద ఖాళీల కార్డులు, ఎవరైనా లోపలికి వచ్చి చూసుకోవచ్చు. 1983లో యువతకు శిక్షణ పథకం కూడా వచ్చింది. తర్వాత గాలి మళ్లీ మారింది: 1996లో జాబ్‌సీకర్స్ అలవెన్స్, 2002లో రెండు ఆఫీసులనూ కలిపేసిన జాబ్‌సెంటర్ ప్లస్.

2024 నవంబర్‌లో ప్రభుత్వం ఇంకో ప్రణాళిక ప్రకటించింది. జాబ్‌సెంటర్లు భృతి తనిఖీల్లోనే మునిగిపోయాయని ఒప్పుకుని, వాటిని ఇంగ్లండ్‌లోని కెరీర్ సలహా సేవతో కలుపుతామంది. నేను మాత్రం ఒక్కటే చూస్తాను: 1909 నాటి ఆ "నాకొద్దు" అనే హక్కు అందులో ఉంటుందా?