గోటి మీది నింద

చంద్రగిరి కోటను గూర్చియు, రాజమహలును గూర్చియు ఎందరో ప్రసంగించియున్నారు. మేము ఈ వ్యాసమున రాజుల ఊసు కొంచెమే తెత్తుము. ఆ కోట దిగువను స్వర్ణముఖి ఒడ్డు మళ్ళలో నాట్లు వేయువారి చేతి గోళ్ళను గూర్చి కొంత చెప్పదలచితిమి.

దినమంతయు బురదనీట నానిన వ్రేలికి గోటి మొదలు ఎర్రబడును, ఉబ్బును, సలుపును, తుదకు చీము పట్టును. దీనినే గోరుచుట్టు అందుము. గోరు మందమై, రంగు మారి, పొడిపొడిగా రాలినచో అది పిప్పిగోరు. మొదటిదాని బాధ ఎంతటిదో తెలుపుటకు తెలుగువారికి వైద్యగ్రంథము అక్కరలేదు. గోరుచుట్టుపై రోకటిపోటు అను సామెత చాలును. ఆ సామెతను కల్పించినవాడు పండితుడు కాడనియు, వడ్లు దంచిన ఏ ఇల్లాలి చేయియో దానిని కనిపెట్టినదనియు మా నమ్మకము.

ఈ రెండు వ్యాధులును మన ప్రాచీనులు ఎరిగినవే. సుశ్రుతసంహిత నిదానస్థానమున క్షుద్రరోగములని నలుబదినాలుగింటిని లెక్కించినారు. అందు చిప్పము, కునఖము అనునవి కలవు. గోటి క్రింది మాంసమున దోషము చేరి మంటయు, నొప్పియు, చీమును పుట్టించునది చిప్పము. అనగా మన గోరుచుట్టే. దెబ్బ తగులుటచే చెడి, నల్లబడి, గరుకై, బిరుసెక్కిన గోరు కునఖము. చిప్పమునకు చెప్పిన చికిత్స చూడుడు: వేడినీటితో తడుపుట, కోసి చీము తీయుట, నూనె పూయుట, సర్జరసపు పొడి చల్లుట. వేడినీటి కాపడము, చీము పట్టినచో గాటు పెట్టుట అను రెండును నేటి వైద్యులును చేయుచున్నవే. శస్త్రవైద్యుడు గోళ్ళు కత్తిరించుకొని యుండవలెనని కూడ ఆ గ్రంథమే విధించినది.

వైద్యుడు ఇట్లు చెప్పుచుండగా ధర్మశాస్త్రకారుడు వేరొక మాట చెప్పినాడు. పూర్వజన్మమున బంగారము దొంగిలించినవానికి ఈ జన్మమున గోళ్ళు చెడునని మనుస్మృతి పదునొకండవ అధ్యాయము. శ్రాద్ధమునకు పిలువరానివారి పట్టికలోను కునఖి కలడు. సుశ్రుతుడు దెబ్బ అన్నచోట మనువు దొంగతనము అన్నాడు. రెండు వాక్యములలో జనులకు ఏది నాటుకొన్నదో చెప్పనక్కరలేదు. రోగి గోటిని మరుగుపరచుట నేర్చినాడు. నిజమునకు మడిలో నానిన చేయి, గడ్డపార జారి పడిన కాలు, అంట్లు తోమిన వ్రేలు, వీనికే ఈ వ్యాధి హెచ్చు. బంగారము ముఖమెరుగని చేతుల మీద బంగారపు దొంగతనము మోపుట మాకు మిక్కిలి అన్యాయముగా తోచుచున్నది.

ఇంటి వైద్యము ఈ నిందను పట్టించుకొనలేదు. నిమ్మకాయకు తొలిచి, పసుపు పెట్టి వ్రేలికి తొడుగుట ఎల్లవారికిని తెలిసినదే. ఆషాఢమున గోరింటాకు పెట్టుకొనుట వేడుక మాత్రమే కాదనియు, వానకాలపు తడిలో గోళ్ళను కాపాడుననియు పెద్దలు చెప్పుదురు. గోరింటలోని రంగుపదార్థము కొన్ని శిలీంధ్రముల పెరుగుదలను అడ్డునని ప్రయోగశాలలలో చూచినారు. అంతమాత్రమున అది పిప్పిగోటికి మందని చెప్పరాదు. ఇక మంగలి గోరుగల్లు ఒకటే ఊరి వారందరి గోళ్ళను తీసినది. చీము పట్టిన వ్రేలికిని, మంచి వ్రేలికిని అదియే.

ఐరోపాలో ఈ విషయము ఆలస్యముగా తేలినది. తీవ్రమైన జబ్బు చేసి కోలుకొన్నవాని గోళ్ళపై అడ్డుగాడి ఏర్పడునని ఫ్రాన్సు దేశపు బో 1846లో వ్రాసెను. గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును గనుక గాడి ఎంత దూరము జరిగినదో కొలిచి జబ్బు ఎప్పుడు వచ్చినదో చెప్పవచ్చును. గోటిలో శిలీంధ్రము కలదని 1853లో జర్మనీ దేశపు మైస్నర్ తెలిపెను. చీములోని గుత్తిసూక్ష్మజీవులను స్కాట్లండు శస్త్రవైద్యుడు ఆగ్‌స్టన్ 1880లో చూచి, 1882లో వానికి స్టాఫిలోకాకస్ అని పేరు పెట్టెను. గోరుచుట్టుకు ముఖ్యకారణము ఇవియే. పిప్పిగోటిని హెచ్చుగా కలిగించు శిలీంధ్రమును 1910లో వర్ణించిన కాస్టెల్లానీ అప్పుడు మన పొరుగున సింహళమున పనిచేయుచుండెను.

ఇక రాజుల ఊసు. అరవీటి రాయల సామంతుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడు 1639లో సముద్రతీరమున కొంత నేలను ఆంగ్ల వర్తకులకు ఇచ్చెను. ఆ నేలమీద లేచిన కోటలో 1664లో చిన్న ఆసుపత్రి వెలసినది. 1835లో ఆ నగరమున వైద్యపాఠశాల ఏర్పడి కళాశాలగా పెరిగినది. అచట చదివినవాడే 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు ఆయన అధిపతిగా ఉండగా డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడి అయినది. ఆ ఏడే సుబ్బారావు కన్నుమూసినాడు. అంతకు ముందు గోటి చీము చేతికి ప్రాకినచో వ్రేలు పోవుటయు, అప్పుడప్పుడు ప్రాణమే పోవుటయు కద్దు. పెన్సిలిన్, దాని వెనుక ఇట్టి మందులు వచ్చిన పిమ్మట ఆ భయము తగ్గినది. 1953లో ఒక శిలీంధ్రజాతికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టినారు.

పిప్పిగోటికి మాత్రము ఈ మందులు పనిచేయవు. 1939లో కనుగొన్న గ్రిసియోఫుల్విన్ నోటి ద్వారా ఇచ్చినను శిలీంధ్రమును అణచునని 1958లో జెంటిల్స్ సీమపందులపై నిరూపించెను. దానిని నెలల తరబడి మ్రింగవలసి యుండెను. తరువాత వచ్చిన టెర్బినాఫిన్‌ను సాధారణముగా చేతిగోళ్ళకు 6 వారములు, కాలిగోళ్ళకు 12 వారములు ఇచ్చుచున్నారు. చెడినట్లు కనుపించు గోళ్ళన్నియు శిలీంధ్రపువి కావు. సుమారు సగము వేరు కారణములవి, సోరియాసిస్ అందొకటి. కావున గోటిపొడిని పరీక్షింపక మందు మ్రింగరాదు. మధుమేహము కలవారు కాలిగోటి పుండును ఒక్క దినమైనను దాచరాదు. మందు పనిచేసినను చెడిన గోరు బాగుపడదు. మొదటినుండి క్రొత్తగోరు పెరిగి దానిని త్రోసివేయవలెను. చేతికి ఆరు నెలలు, కాలి బొటనవ్రేలికి ఏడాది, ఒక్కొక్కప్పుడు ఏడాదిన్నర పట్టును.