ఏడీహెచ్‌డీ గుర్తింపు, నిర్ధారణ: కర్నూలు, కడప ప్రాంతం

ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, అతి చలనం, ఆగలేని తొందరపాటు లక్షణాలుగా బాల్యంలోనే మొదలయ్యే సమస్య. దీనికి 'అవధాన లోపం' అన్న పేరూ ఉంది. శతావధానులకు పేరుబడ్డ ప్రొద్దుటూరు వైపు ఆ మాట కాస్త విడ్డూరంగానే తోస్తుంది. ఇళ్లలో మాత్రం 'కుదురు లేదు', 'కాలు ఒకచోట నిలవదు' అంటారు.

స్కాట్లండ్ వైద్యుడు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే చెదిరే ధ్యాసను గురించి రాశాడు. గట్టి పునాది వేసినవాడు జార్జ్ ఫ్రెడరిక్ స్టిల్. 1902 మార్చిలో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో చేసిన మూడు ఉపన్యాసాల్లో, తెలివికి లోటు లేకున్నా తమను తాము నిగ్రహించుకోలేని పిల్లలను నిశితంగా వర్ణించాడు. వారిలో మగపిల్లలే ఎక్కువని గమనించాడు. దాన్ని 'నైతిక నిగ్రహ లోపం' అనడం ఆ కాలపు ధోరణి. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ, ఉత్తేజకమైన బెంజెడ్రిన్‌తో కొందరు పిల్లలు నెమ్మదించి చదువుమీద కూర్చోవడం చూశాడు. ఏడీహెచ్‌డీ అన్న నేటి పేరు 1987లో స్థిరపడింది.

ఇక ఈ ప్రాంతంలో కర్నూలు వైద్య కళాశాల 1957లో, కడప రిమ్స్ వైద్య కళాశాల 2006లో వచ్చాయి. అంతకు ముందు ఇలాంటి పిల్లలకు దక్కినది బెత్తమో, తాయెత్తో. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించవలసిన 30 సమస్యల్లో దీన్నీ చేర్చడం మెచ్చదగినది. దాని సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏటా రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లాలి.

ఏడీహెచ్‌డీని తేల్చే రక్తపరీక్ష లేదు, స్కానింగూ లేదు. పలకా బలపం రోజూ పోగొట్టుకోవడం, మధ్యాహ్న భోజనం వరుసలో పళ్లెం పట్టుకుని తన వంతు దాకా ఆగలేకపోవడం వంటివి ఆరు నెలలకు తగ్గకుండా, ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి. అమ్మ మాటకు అయ్యవారి మాట తోడవ్వాలి. ఆదోని, కోసిగి వైపు కుటుంబాలు సుగ్గికి (కోతల కాలపు వలసకు) గుంటూరు మిరప చేలకు వెళ్తే, పిల్లలు నెలల తరబడి బడికి దూరమవుతారు. అప్పుడు చదువులో వెనుకబాటు జబ్బు వల్లనా, వలస వల్లనా అన్నది తేల్చడం కష్టం. అల్లరి చేయని, కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్ల ఎవరి కంటా పడదు.

అమెరికన్ మనోవైద్యుల నిర్ధారణ గ్రంథమైన 2013 నాటి డీఎస్‌ఎం-5 ప్రకారం పిల్లలకు ధ్యాసలేమి, అతి చలనం-తొందరపాటు అనే రెండు వర్గాల్లో కనీసం ఒకదానిలో ఆరు లక్షణాలైనా ఉండాలి. 17 ఏళ్లు నిండినవారికి ఐదు చాలు. పెద్దల్లోనైనా 12 ఏళ్లలోపే కొన్ని లక్షణాలు కనిపించి ఉండాలి. నలభై దాటినవారి ప్రోగ్రెస్ కార్డు ఏ ట్రంకుపెట్టెలోనూ దొరకదు కనుక, వైద్యుడు ముసలి తల్లినే వెంటబెట్టుకు రమ్మంటాడు.