లంఖణమా, జావా?

"లంఖణం పరమౌషధం" అన్న సామెతను 30 ఏళ్ళు తరగతిలో బోధించాను. నా బాల్యంలో జ్వరం తగిలితే మూడు దినాలు పస్తే, పిమ్మట పథ్యం.

తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం చెంత, జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఒక్క గదిలో బెరిబెరి వ్యాధిపై ఆరంభించిన పరిశోధన అది. 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో ఈ పేరు పొందినది.

జ్వరం ఒంటిలోని శక్తిని ఖర్చు చేస్తుంది, ఆకలిని చంపుతుంది. అప్పుడు తిండి మాన్పిస్తే బిడ్డ చిక్కిపోతాడు. చిక్కినవాణ్ణి మరో రోగం సులువుగా పట్టుకుంటుంది. 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన గ్రంథమొకటి ఈ విషవలయాన్ని విశదీకరించినది.

నేటి శిశువైద్యులు తల్లిపాలు ఆపవద్దంటారు. ద్రవాలు, మెత్తని ఆహారం కొద్దికొద్దిగా పెట్టమంటారు. పారాసిటమాల్ మోతాదును బిడ్డ బరువును బట్టి నిర్ణయిస్తారు, ఆస్పిరిన్ ఇవ్వరు. మూడు నెలలలోపు పసికందుకు జ్వరమొస్తే తక్షణం వైద్యుని చూపవలసినదే.

మొన్న మనుమడికి జ్వరం వస్తే అలవాటుగా నా నోట ఆ సామెతే వచ్చినది. కోడలు మారుమాటాడక జావ కాచి తెచ్చినది. వాడు సగం గ్లాసు తాగి నిద్రపోయాడు.

లంఘనమంటే శరీరానికి లాఘవం కలిగించేదని చరకుని నిర్వచనం. ఉపవాసం అందులో ఒక విధం మాత్రమే. పండితుడనై ఉండీ, ఆ సంగతి నా విద్యార్థులకు ఒక్కనాడూ చెప్పలేదు. ఇన్నాళ్ళకు ఇక్కడ చెబుతున్నాను.